హెలికాప్టర్ వస్తే మీ డ్రోన్ ఎన్ని సెకన్లలో కిందికి దిగుతుంది? డెల్టాలో డ్రోన్ ఎగరేసేవాళ్లు చూసుకోవాల్సినవి

పెళ్లి వీడియోలు తీసేవాళ్లు, చేలల్లో మందు కొట్టే డ్రోన్ నడిపేవాళ్లు, గోదావరి పొంగినప్పుడు లంకల వీడియోలు తీసే కుర్రాళ్లు మళ్లీ మళ్లీ అవే ప్రశ్నలు అడుగుతున్నారు. "రాజమండ్రి ఎయిర్‌పోర్టు ఎక్కడో ఉంది, అమలాపురంలో మాకేం సంబంధమండీ?" "ఏటీసీ వాళ్లకి మా డ్రోన్ కనిపిస్తుంది కదా, పైలట్‌కి వాళ్లే చెప్తారు కదా?" "హెలికాప్టర్ ఉన్నట్టుండి వచ్చేస్తే ఏం చెయ్యాలి?"

ముందు ఏటీసీ సంగతి, అంటే విమానాలకి రేడియోలో దారి చెప్పే కంట్రోల్ రూమ్ సంగతి చెప్తాను, ఎందుకంటే అందరూ నమ్ముకున్నది దాన్నే. మీ డ్రోన్ వాళ్లకి కనిపించదు. ఏటీసీ తెర మీద విమానం వివరాలు వచ్చేది అందులో ఉండే ట్రాన్స్‌పాండర్ అనే రేడియో పరికరం రాడార్‌కి జవాబు పంపుతుంది కాబట్టి. పెద్ద విమానాల్లో ఢీకొనకుండా హెచ్చరించే టీకాస్ అనే పరికరం కూడా ఎదుటి విమానం ట్రాన్స్‌పాండర్ మీదే ఆధారపడుతుంది. మనం వాడే డ్రోన్లలో అది ఉండదు. ఎవరైనా ఫోన్ చేసి చెప్తేనో, పైలట్ కంటితో చూసి రేడియోలో చెప్తేనో తప్ప అక్కడ డ్రోన్ ఉందని కంట్రోలర్‌కి తెలిసే దారి లేదు. పైగా ఎయిర్‌పోర్టుకి దూరంగా, తక్కువ ఎత్తులో, కంటిచూపు మీద వెళ్లే హెలికాప్టర్లనీ చిన్న విమానాలనీ ఒకదానికొకటి తగలకుండా ఏటీసీ ప్రతి క్షణం విడదీస్తూ ఉండదు. తెలిసిన సమాచారం చెప్తుంది. చూసి తప్పుకోవాల్సింది పైలటే.

ఇంకో లెక్క చూడండి. గ్రీన్ జోన్‌లో (అనుమతి అక్కర్లేని ప్రాంతంలో) డ్రోన్ 400 అడుగుల దాకా, అంటే 120 మీటర్ల దాకా వెళ్లొచ్చు. కంటిచూపు మీద ఎగిరే విమానాలు, హెలికాప్టర్లు జనావాసాలు లేని చోట నేల నుంచి 500 అడుగుల దాకా, అంటే 150 మీటర్ల దాకా దిగి వెళ్లొచ్చు. రెండింటికీ మధ్య మిగిలేది 30 మీటర్లు. మీ డ్రోన్ ఎత్తు కొలతలో కాస్త తేడా, పైలట్ ఎత్తు కొలతలో కాస్త తేడా వచ్చిందంటే ఆ 30 మీటర్లు కూడా మిగలవు. దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు, సహాయ పనుల్లో ఉన్నప్పుడు హెలికాప్టర్ ఇంకా కిందికే వస్తుంది. సముద్రంలో ఉన్న చమురు, గ్యాస్ రిగ్గులకి డ్యూటీ మీద వెళ్లేవాళ్లు ఉండేది ఆ హెలికాప్టర్లలోనే. వాళ్లలో మన జిల్లాల వాళ్లూ ఉంటారు.

కావాల్సినవి

- డీజీసీఏ (దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించే సంస్థ) దగ్గర రిజిస్టర్ అయి, నంబరు ఉన్న డ్రోన్. మందు కొట్టే డ్రోన్‌కి, డబ్బు తీసుకుని చేసే పనికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కి సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ జోన్ల నిబంధన దానికీ ఉంది.
- థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్. నానోకి తప్ప మిగతా అన్నిటికీ తప్పనిసరి.
- డిజిటల్ స్కై మ్యాప్ (ఎక్కడ ఏ జోనో చూపించే ప్రభుత్వ ఆన్‌లైన్ మ్యాప్) తెరుచుకునే ఫోన్.
- ఒక తోడు మనిషి. కెమెరా వైపు చూసేవాడు కాదు, ఆకాశం వైపు చూసేవాడు.
- దగ్గరి పోలీస్ స్టేషన్ నంబరు, ఎయిర్‌పోర్టుకి దగ్గర్లో పనైతే ఎయిర్‌పోర్టు నంబరు. ముందే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.
- స్టాప్‌వాచ్. ఫోన్‌లోది చాలు.

చేయాల్సిన పద్ధతి

1. పని ఒప్పుకునే ముందే మ్యాప్ చూడండి. అడ్వాన్స్ తీసుకున్నాక చూస్తే మనసు ఒప్పుకోదు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం ఆకాశం మూడు రంగులు. గ్రీన్‌లో 400 అడుగుల దాకా అనుమతి అక్కర్లేదు. ఎయిర్‌పోర్టు సరిహద్దు నుంచి 8 కి.మీ. దాటి 12 కి.మీ. లోపు అయితే 200 అడుగుల దాకానే, అంటే 60 మీటర్లే, గ్రీన్ కింద లెక్క. ఆ పైన ఎల్లో. ఎల్లోలో ఎగరాలంటే సంబంధిత ఏటీసీ అనుమతి కావాలి. రెడ్‌లో కేంద్ర ప్రభుత్వం అనుమతి ఉంటే తప్ప కుదరదు. 8 కి.మీ. లోపల మీరున్న చోటు ఏ రంగో మ్యాప్‌లోనే చూసి తేల్చుకోండి, ఊహించకండి.

దూరం కొలిచేది రన్‌వే మధ్య నుంచో టెర్మినల్ గేటు నుంచో కాదు, ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి. రాజమండ్రి విమానాశ్రయం మధురపూడిలో ఉంది. కోరుకొండ, రాజానగరం వైపు వాళ్లు, రాజమండ్రి ఊళ్లో పెళ్లిళ్లు చేసేవాళ్లు ప్రతి పనికీ విడిగా మ్యాప్ చూడాలి. "పక్క ఫంక్షన్ హాల్లో మొన్న ఎగరేశాం" అనేది లెక్కలోకి రాదు. అమలాపురం, రాజోలు, భీమవరం, నరసాపురం వాళ్లకి ఈ ఎయిర్‌పోర్టు దూరమే. అయితే ఓడలరేవు టెర్మినల్, తాటిపాక రిఫైనరీ, గాడిమొగ గ్యాస్ టెర్మినల్ లాంటి చోట్లకి దగ్గరయ్యేకొద్దీ మ్యాప్‌ని పెద్దది చేసి చూడండి.

2. ఆ రోజు పొద్దున్నే మ్యాప్ మళ్లీ చూడండి. వీఐపీ పర్యటన, బందోబస్తు లాంటివి ఉంటే ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఒక ప్రాంతాన్ని ఒకేసారి 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్‌గా ప్రకటించొచ్చు. సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థం, అంతర్వేది కల్యాణం లాంటి పెద్ద జనసందోహాలప్పుడు స్థానిక పోలీసుల్ని అడక్కుండా డ్రోన్ బయటికి తీయకపోవడం మేలు. మీ ఊళ్లో కొత్తగా హెలిప్యాడ్ సున్నం గీతలు కనిపించాయంటే ఇంకెవర్నీ అడగక్కర్లేదు, ఆ రోజుకి పని మానుకోండి.

3. ఎల్లో జోన్ అయితే అనుమతి తీసుకోండి, తీసుకున్నది చదవండి. ఎక్కడ, ఎంత ఎత్తు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా అని స్పష్టంగా ఉంటుంది. ముహూర్తం గంట ఆలస్యమైతే అనుమతి టైము దానంతటది మారదు. ఫోన్ చేసి చెప్పమని షరతు ఉంటే మొదలుపెట్టే ముందూ, దించేశాకా రెండుసార్లూ చెయ్యండి. రెండో ఫోన్ చాలామంది ఎగ్గొడతారు. మీరు దించేశారని ఏటీసీకి తెలియకపోతే, అక్కడ డ్రోన్ ఉందనే అనుకుని ఆ వైపు వచ్చే ప్రతి పైలట్‌నీ హెచ్చరిస్తూ కూర్చుంటారు.

అనుమతి వచ్చింది కాబట్టి ఆకాశం మీకు ఖాళీ చేశారని అనుకోకండి. మనుషులున్న విమానానికి దారి ఇవ్వాల్సింది ఎప్పుడైనా డ్రోనే.

4. ఎత్తుకి తాళం వేయండి. యాప్‌లో గరిష్ఠ ఎత్తు అనే సెట్టింగ్ ఉంటుంది. 120 దగ్గరే ఉంచేస్తారు అందరూ. మండపం, ఊరేగింపు, కొబ్బరితోటలో ఇల్లు, ఇవన్నీ 40 మీటర్ల నుంచే బాగా వస్తాయి. పాయ మొత్తం ఒక్క ఫ్రేములో రావాలంటే 60 చాలు. నా మాట వింటే 60 దగ్గర ఆపేయండి. మందు కొట్టే డ్రోన్‌కి ఈ బాధ తక్కువ. పైరు మీద రెండు మూడు మీటర్లలోనే తిరుగుతుంది. దాన్ని ఒక చేను నుంచి ఇంకో చేనుకి ఎగరేసుకుంటూ తీసుకెళ్లేటప్పుడే జాగ్రత్త. నన్నడిగితే బండి మీద తీసుకెళ్లడమే మంచిది.

ఇంకోటి. రిమోట్‌లో కనిపించే ఎత్తు మీరు ఎక్కడి నుంచి లేపారో అక్కడి నుంచి లెక్క. మూడంతస్తుల డాబా మీద నుంచి లేపితే స్క్రీన్ మీద 60 అంటే నేల నుంచి 70 అవుతుంది. ఏటిగట్టు మీద నుంచి, వంతెన మీద నుంచి లేపినా అంతే. 60 మీటర్ల హద్దు ఉన్న చోట ఇది ఉల్లంఘన కింద వస్తుంది.

5. రిటర్న్ టు హోమ్ (డ్రోన్ లేపిన చోటికి దానంతటదే తిరిగొచ్చే పద్ధతి) ఎత్తు సరిచేయండి. నేను చూసిన పొరపాట్లలో అన్నిటికన్నా ప్రమాదం ఇదే, అందుకే కాస్త సాగదీస్తాను. హెలికాప్టర్ చప్పుడు వినగానే కంగారులో చాలామంది నొక్కేది హోమ్ బటన్. చాలా డ్రోన్లు ఆ బటన్ నొక్కితే ముందు నిట్టనిలువుగా సెట్ చేసిన ఎత్తుకి లేస్తాయి, ఆ తర్వాతే వెనక్కి తిరుగుతాయి. అక్కడ 100 అని ఉంటే, 30 మీటర్ల దగ్గర క్షేమంగా ఉన్న డ్రోన్‌ని మీ చేత్తోనే హెలికాప్టర్ దారిలోకి పంపినట్టు. హెలికాప్టర్ వస్తే హోమ్ బటన్ ముట్టుకోకండి. చేత్తో దించండి.

సెట్టింగ్‌లో 40 మీటర్లు పెట్టుకుంటే మామూలు కొబ్బరిచెట్ల పైనుంచి వస్తుంది. అయితే సెల్ టవర్లు అంతకంటే ఎత్తుంటాయి. కాబట్టి మీకూ డ్రోన్‌కీ మధ్య టవర్ పడకుండా నిలబడే చోటు ఎంచుకోండి. సిగ్నల్ తెగితే డ్రోన్ దానంతటదే హోమ్‌కి వస్తుంది, అప్పుడూ ఇదే ఎత్తు.

6. తోడు మనిషిని సరైన చోట నిలబెట్టండి. కొబ్బరితోట మధ్యలో నిలబడితే కనిపించేది గుండ్రటి ముక్క ఆకాశమే. తోట అంచున, చేల వైపు, కనీసం మూడు దిక్కులు తెరిపిగా కనిపించే చోట ఉండాలి. పెళ్లిలో డీజే బాక్సుల పక్కన నిలబడితే హెలికాప్టర్ నెత్తి మీదికి వచ్చినా వినపడదు. చేల దగ్గర నీళ్లు తోడే డీజిల్ ఇంజిన్ పక్కన ఉన్నా అంతే.

గాలి కూడా చూసుకోండి. మధ్యాహ్నం సముద్రం గాలి తోలేటప్పుడు సముద్రం వైపు నుంచి వచ్చే చప్పుడు ముందే వినిపిస్తుంది. రాజమండ్రి వైపు నుంచి వచ్చేది ఆలస్యంగా వినిపిస్తుంది. అందుకని ఆ వేళ తోడు మనిషి ముఖం ఎక్కువగా ఉత్తరానికి తిప్పి ఉంచండి. రెండు కిలోమీటర్ల దూరం నుంచి చప్పుడు మీ చెవికి చేరడానికి ఆరు సెకన్లు పడుతుంది. గంటకి 240 కి.మీ. వేగంతో వెళ్లే హెలికాప్టర్ ఈలోగా 400 మీటర్లు ముందుకి వెళ్లిపోతుంది. చప్పుడు వచ్చిన చోట వెతికితే దొరకదు, దానికి ముందు వెతకాలి.

తోడు మనిషి ఉంటే సరిపోదు, ఏం చూడాలో అతనికి చెప్పాలి. 2021 ఆగస్టులో కెనడాలో టొరంటో దగ్గర బటన్‌విల్ ఎయిర్‌పోర్టుకి దిగుతున్న సెస్నా 172 చిన్న విమానాన్ని పోలీసుల డ్రోన్ ఢీకొట్టింది. డ్రోన్ 400 అడుగుల దగ్గర నిలిచి ఉంది. నడిపే అతని ధ్యాసంతా చేతిలోని పని మీద ఉంది. సాయంగా ఉన్నవాళ్లకి ఆకాశాన్ని గమనించడంలో శిక్షణ లేదు. విమానంలో ఉన్నవాళ్లు పక్షి తగిలిందనుకున్నారు. ఎవరికీ దెబ్బ తగలలేదు కానీ విమానం ముందు భాగం, ప్రొపెల్లర్ దెబ్బతిన్నాయి. పోలీసులకే ఇలా అయితే, మీ పక్కన నిలబడ్డ బావమరిది ఫోన్ చూసుకుంటూ ఉంటే ఎంత ప్రమాదమో చూడండి.

7. "దించు" కసరత్తు చేయండి. అసలు పని మొదలుపెట్టకముందు, ఖాళీ చేలో. డ్రోన్‌ని మీరు మామూలుగా వాడే ఎత్తులో ఉంచండి. తోడు మనిషి చెప్పాపెట్టకుండా "దించు!" అని అరిచి స్టాప్‌వాచ్ నొక్కాలి. డ్రోన్ చెట్ల కంటే కిందికి వచ్చేదాకా ఒక లెక్క, నేల తాకేదాకా ఇంకో లెక్క.

లెక్క ఎందుకంటే, పైన చెప్పిన వేగంతో హెలికాప్టర్ రెండు కిలోమీటర్లు 30 సెకన్లలో వచ్చేస్తుంది. సెకనుకి 3 మీటర్ల చొప్పున దిగే డ్రోన్ 120 మీటర్ల నుంచి నేలకి రావడానికి 40 సెకన్లు కావాలి. అంటే రెండు కిలోమీటర్ల దూరంలో చూసినా చాలదు. 60 మీటర్ల నుంచి అయితే 20 సెకన్లు. 60 దగ్గర ఆపమని నేను అన్నది ఇందుకే.

కసరత్తులో 20 సెకన్లు దాటితే ఎత్తు తగ్గించుకుని మళ్లీ చేయండి. మందు కొట్టే డ్రోన్‌తో అయితే ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, ఖాళీగా ఒకసారి. ఒక హెచ్చరిక: నిట్టనిలువుగా మరీ వేగంగా దించితే డ్రోన్ తన గాలిలో తనే ఊగిపోతుంది. కాస్త పక్కకి జరుపుతూ దించండి.

8. హెలికాప్టర్ కనిపిస్తే ఈ వరస తప్పకండి. ముందు ఎత్తు తగ్గించండి. తర్వాతే అది వచ్చే దారి నుంచి పక్కకి జరపండి. చెట్ల కంటే కిందికి వచ్చాక దించేయండి. షాట్ పూర్తి కాలేదని పైన ఆగకండి, హెలికాప్టర్‌ని వీడియో తీద్దామని కెమెరా తిప్పకండి.

మీ వైపే వస్తోందా లేదా అని తెలుసుకోవాలంటే, కదలకుండా నిలబడి ఒక కొబ్బరిచెట్టు మొవ్వుతో పోల్చి చూడండి. ఎడమకో కుడికో జరుగుతూ ఉంటే పక్క నుంచి పోతుంది. చెట్టు పక్కనే ఉండి పెద్దదవుతూ ఉంటే మీ మీదికే. అయితే ఈ పరీక్ష డ్రోన్ దిగుతూ ఉండగా చేయాలి. తేల్చుకున్నాక దించుదామంటే సమయం ఉండదు.

వరదలప్పుడు

దీనికి వరసలూ కసరత్తులూ లేవు. సహాయ హెలికాప్టర్లు తిరుగుతున్న చోట డ్రోన్ ఎగరేయకండి, అంతే. 2022 జూలైలో లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. అలాంటప్పుడు ఆహార పొట్లాలు జారవిడిచే హెలికాప్టర్ ఇళ్ల కప్పుల మీదికి దిగి వస్తుంది, ఏ పక్క నుంచి వస్తుందో ముందు తెలియదు. 2025 జనవరిలో అమెరికాలో లాస్ ఏంజెలెస్ కార్చిచ్చు ఆర్పుతున్న సూపర్ స్కూపర్ విమానం రెక్కకి ఒక ప్రైవేటు డ్రోన్ తగిలి రంధ్రం పడింది. మంటలు ఆర్పాల్సిన విమానం రిపేరు కోసం పక్కన ఆగిపోయింది. ఇక్కడ అలాంటిది జరిగితే మేడ మీద నీళ్ల కోసం ఎదురుచూసే ముసలమ్మకి ఆ పొట్లం అందదు. నిజంగా సాయపడదామనుకుంటే తహసీల్దార్ ఆఫీసులో మీ పేరు, డ్రోన్ వివరాలు ఇవ్వండి. వాళ్లు పిలిచి, ఎక్కడ ఎప్పుడు ఎగరేయాలో చెప్పినప్పుడు ఎగరేయండి.

తరచూ జరిగే పొరపాట్లు

విమానాల యాప్‌లో ఏమీ కనిపించలేదు కాబట్టి ఆకాశం ఖాళీ అనుకోవడం. తక్కువ ఎత్తులో వెళ్లేవి ఆ యాప్‌లకి సరిగా అందవు, రక్షణ శాఖ హెలికాప్టర్లు చాలాసార్లు అసలే కనిపించవు. యాప్‌లో కనిపిస్తే జాగ్రత్తపడండి. కనిపించకపోతే దాన్ని బట్టి ఏమీ నిర్ణయించకండి.

డ్రోన్ కంటికి కనిపించకపోయినా స్క్రీన్ మీద బొమ్మ వస్తోంది కదా అని ముందుకి పంపడం. 2017 సెప్టెంబరులో న్యూయార్క్ దగ్గర స్టాటెన్ ఐలాండ్ పక్కన సైన్యం బ్లాక్ హాక్ హెలికాప్టర్‌ని తగిలిన డ్రోన్ దాని యజమాని కంటిచూపుకి చాలా దూరంలో ఉంది. తన డ్రోన్ దేనికో తగిలిందని కూడా అతనికి తెలియలేదు. ఏటి అవతల ఒడ్డు దాకా పంపేవాళ్లు మన దగ్గరా ఉన్నారు.

బ్యాటరీ చివరిదాకా వాడటం. అర్జెంటుగా దించాల్సి వస్తే, దించిన చోటు బురద చేనైతే, మళ్లీ లేపి తెచ్చుకోవడానికి చార్జింగ్ ఉండాలి. 30 శాతం దగ్గర ఆపేయండి.

తృటిలో తప్పితే

డ్రోన్ దించి, ముందు టైము రాసుకోండి. ఏటీసీ వాళ్ల రికార్డులన్నీ యూటీసీ టైములో ఉంటాయి, మన టైములోంచి ఐదున్నర గంటలు తీసేస్తే అది. సాయంత్రం 4:30కి జరిగితే వాళ్ల లెక్కలో 11:00. రెండూ రాయండి. చోటు, మీ డ్రోన్ ఎత్తు, హెలికాప్టర్ ఎటు నుంచి ఎటు వెళ్లింది, రంగు, దాదాపు ఎంత దూరం, ఇవి జ్ఞాపకం ఉండగానే తోడు మనిషి చేత విడిగా రాయించండి. ఇద్దరూ మాట్లాడుకుని రాస్తే ఒకరి పొరపాటే ఇద్దరిదీ అవుతుంది.

డ్రోన్‌లోని ఫ్లైట్ లాగ్, వీడియో రెండూ ఇంకో చోటికి కాపీ చేయండి. భయపడి చెరిపేసేవాళ్లున్నారు. మీరు 60 మీటర్ల దగ్గరే ఉన్నారని నిరూపించేది ఆ లాగే.

ఎయిర్‌పోర్టు దగ్గర్లో అయితే వెంటనే అక్కడికి ఫోన్ చేయండి, వేరే చోట అయితే పోలీసులకి చెప్పండి. నిబంధన మీరి ఉంటే లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు, కాబట్టి టెన్షన్ సహజమే. అయినా చెప్పండి. మీరు చెప్తే కంట్రోలర్ ఆ వైపు వెళ్లే తర్వాతి పైలట్‌ని హెచ్చరించగలుగుతారు, అవసరమైతే దిగబోయే విమానాన్ని మళ్లీ పైకి లేపి తిప్పి రప్పిస్తారు. నిజంగా ఢీకొని ఉంటే, లేదా డ్రోన్ వల్ల ఎవరికైనా ప్రమాదం జరిగితే, 48 గంటల్లోపు డీజీసీఏకి వాళ్ల పోర్టల్‌లో తెలియజేయాలి. ఆ డ్రోన్ మళ్లీ లేపే ముందు ప్రొపెల్లర్లు మార్చండి, ఎత్తు, హోమ్ సెట్టింగులు తెరిచి చూడండి, ఖాళీ చేలో "దించు" కసరత్తు మొదటి నుంచి చేయండి.